పెద్దరికమున మూడు బరువులు



మా వేంపల్లె పాపఘ్ని యొడ్డున నున్నది. ఊరికి సమీపమున ఆ నది కొండలను చీల్చుకొని వచ్చు తావునకు గండి యని పేరు. అచ్చట ఆంజనేయస్వామి వెలసియున్నాడు. శ్రావణమాసపు శనివారములందు చుట్టుప్రక్కల సీమలనుండి వేలకొలది జనులు వచ్చి స్వామిని సేవింతురు. గండియందు రెండు కొండల నడుమ బంగారు తోరణమొకటి కట్టబడి యున్నదనియు, లంకనుండి మరలివచ్చు శ్రీరామునకు స్వాగతముగా వాయుదేవుడు దానిని కట్టెననియు, అది పుణ్యాత్ములకు, అందును అంత్యకాలము సమీపించినవారికి మాత్రమే కనబడుననియు మా పెద్దలు చెప్పుదురు.

ఈ కథలో ఒక విచిత్రము కలదు. ఆ తోరణమును చూచినవాడని మనవారు చెప్పుకొను మనిషి ఋషి కాడు, రాజు కాడు, మన మతమువాడును కాడు. అతడు పరదేశమునుండి వచ్చి మనయొద్ద శిస్తు వసూలు చేసిన దొర. ఆయన పేరు సర్ థామస్ మన్రో. మద్రాసు గవర్నరుగా నుండి, మన సీమను మరియొకమారు చూడవలెనని బయలుదేరి వచ్చి, 1827వ సంవత్సరము జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచివ్యాధిచే మరణించెను. తోరణము కనబడిన కొలదికాలమునకే ఆయన పోయెనని జనవాక్యము.

తోరణము నిజముగా కనబడెనా లేదా యని నేను విచారింపబోను. నన్ను చిన్ననాటినుండి వెంటాడుచున్న ప్రశ్న వేరు. శిస్తు వసూలు చేసినవానికి బంగారు తోరణము కనబడెనని ఏ దేశపు రైతులు చెప్పుకొందురు? కఠినమైన పని చేయించిన మనిషిని గూర్చి ఆ పని బరువు మోసినవారే ఇంత మంచిగా ఏల తలచుకొనిరి? ఈ ప్రశ్నను పట్టుకొని, పదిమందిచేత పని చేయించువాడు ఏమేమి చూచుకొనవలెనో నేడు నాకు తోచినంతవరకు మనవి చేసెదను. ఈ విషయము దొరలకు మాత్రమే సంబంధించినది కాదు. చెరువు పూడిక తీయించువారికి, తిరునాళ్ల జరిపించువారికి, సహకార సంఘము నడుపువారికి, ఇంటిలో నలుగురు కొడుకులచేత సేద్యము చేయించు తండ్రికిని ఇది నిత్యము తగులుచుండునదే.

మొదట మనకందరకు తెలిసిన కపిలబావిని తలచుకొందము. బావి యొడ్డునుండి వాలుగా త్రవ్విన దారిలో రెండెద్దులు దిగుచుండగా, మోకు లాగబడి, బాన పైకి వచ్చి, తొండమునుండి నీరు కాలువలోనికి పడును. తోలువాడు మోకుమీద కూర్చుండి దిగువవరకు పోవును. చూచువారికి అది సులువైన పనివలె కనబడును. కాని ఆ మనిషి కన్ను మూడుచోట్ల నుండవలెను. పొద్దు గుంకులోపల మడి తడియవలెను. ఇది పని. రెండెద్దులును ఒక్క అడుగుగా నడువవలెను. ఒకటి ముందును ఒకటి వెనుకను పోయినచో కాడి వంకరపడి మోకు ప్రక్కకు లాగును. ఇది జత. ఎడమయెద్దు మెడమీద కాడి ఒరిసి పుండుపడినదేమో చూడవలెను. ఇది ఒక్క ప్రాణి సంగతి.

నీటినే చూచువాడు మొదటిరోజు అందరికంటె ఎక్కువ మడి తడుపును. పదియవరోజున వాని కపిల నిలిచిపోవును, ఏలననగా పుండుపడిన ఎద్దు కాడి క్రిందికి రాదు. ఎద్దులనే ముద్దుచేయువాని మడి ఎండిపోవును. పైరు ఎండిన ఇంట ఎద్దులకును మేత యుండదు. జత నడక కుదిరినదని సంతసించి ఊరకుండువాడు మెడమీది పుండును గమనింపడు. మూడింటిలో ఒక్కటి తప్పినను మిగిలిన రెండును నిలువవు.

ఈ సంగతినే శాస్త్రరీతిగా చెప్పినవాడు ఇంగ్లండు దేశపు జాన్ అడెయిర్ అను పండితుడు. ఆయన 1960 తరువాతి సంవత్సరములలో శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయమున బోధించుచు, నాయకుని బాధ్యతను మూడు వలయములుగా గీసి చూపెను. ఒక వలయము పని, ఒకటి జట్టు, ఒకటి మనిషి. ఆ మూడును ఒకదానిపై నొకటి కొంతకొంత పరచుకొని యుండును. ఒక వలయమును తుడిచివేసినచో తక్కిన రెంటిలోని భాగముకూడ తుడుచుకొనిపోవును. సైన్యములందును కర్మాగారములందును నేటికిని బోధింపబడుచున్న ఈ బొమ్మను చూచినప్పుడు నాకు మా తాతగారి కపిలయే జ్ఞాపకము వచ్చెను.

ఇక మన్రో సంగతికి వత్తము. 1800వ సంవత్సరమున హైదరాబాదు నిజాము మన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అందువలన వీనికి దత్తమండలములని పేరు వచ్చెను. రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల సభ తరువాత వాడుకలోనికి వచ్చినది. కంపెనీవారు మన్రోను ఇచ్చటికి ప్రధాన కలెక్టరుగా పంపిరి. ఆయన క్రింద నలుగురు సహాయ కలెక్టరులుండిరి. నాటి మన సీమ స్థితి మీకు తెలియనిది కాదు. కొండకొకడు, కోటకొకడుగా పాళెగాండ్రుండిరి. వచ్చిన ప్రతి సేనయు రైతును దోచుకొనెను. ఏ ఊరిలో ఎంత భూమి యున్నదో, ఎంత సాగులో నున్నదో సరియైన లెక్క లేదు. కరణము వ్రాసినది లెక్క, బలవంతుడు తీసికొన్నది శిస్తు.

మన్రోను దేవునిగా చేయుట నా యుద్దేశము కాదు. ఆయన మొదటి దినములు కఠినమైనవి. 1801లో ఆదోని ప్రాంతపు తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తు విషయమున తిరుగబడిరి. అమల్దారు చంపబడెను. కంపెనీ సేన ఫిరంగులతో ఆ కోటను పట్టుకొనెను. గ్రామపెద్ద గౌడప్పను ఉరితీసిరి. ఆ ఊరివారు నేటికిని ఆ సంగతి మరువలేదు, మరువవలసిన పనియును లేదు. పాళెగాండ్ర యెడల ఆయన చూపిన కాఠిన్యము ఎక్కువైనదని ఇంగ్లండులోని కంపెనీ డైరెక్టరులే ఆక్షేపించిరి. పని యను బరువొక్కటియే పల్లకియెక్కి వచ్చినపుడు ఏమగునో తెర్నేకల్లు చెప్పుచున్నది. అయితే ఆ తరువాత ఆరేండ్లలో ఆయన చేసిన పని విచారింపదగినది.

1802లో ఆయన భూముల కొలత ఆరంభించెను. ఆనాటికి ఈ మండలములన్నిటిలో భూమి కొలువ నేర్చినవారు ఆయన కచ్చేరిలోని నలుగురు గుమాస్తాలు మాత్రమే. కడప, బళ్లారి మొదలైన విశాలమైన ప్రదేశమును కొలుచుటకు నలుగురు! వేరొకడైనచో మద్రాసుకు వ్రాసి, మనుష్యులు లేరు గనుక పని కాదని చేతులు దులుపుకొనెడివాడు. మన్రో ఆ నలుగురినే గురువులుగా చేసెను. ఒక్కయేడులో కొలతగాండ్రు ఏబదిమంది యైరి. మరుసటియేట నూరుమంది యైరి. వారిని పది జట్లుగా చేసి, జట్టుకొక పెద్దను నియమించిరి. గొలుసు పొడవు అందరకు ఒక్కటే, 33 అడుగులు. అట్టి గొలుసు పొడవును వెడల్పునుగల చదరములు నలువది చేరినచో ఒక ఎకరము. కొండలును రాతిగుట్టలును తప్ప తక్కిన భూమి యంతయు కొలువబడెను.

ఇచ్చట ఆయన చేసిన ఏర్పాటును మెల్లగా చూడవలెను. కొలతగాండ్రకు ఎకరముల లెక్కన కూలి. ఎక్కువ కొలిచినవానికి ఎక్కువ. దీనివలన పని వేగముగా సాగును. కాని లెక్కన కూలి యిచ్చునపుడు మనిషి తొందరపడును, గొలుసు వదులుగా పట్టును, ముండ్లపొద యడ్డమువచ్చిన చోట కంటితోనే కొలుచును. ఇది ఆనాటికిని నిజమే, ఈనాటికిని నిజమే. కావున జట్టుపెద్దలును పరీక్షకులును కొలతను మరల సరిచూచుచుండిరి. బుద్ధిపూర్వకముగా తప్పు వ్రాసినవానిని పనినుండి తొలగించిరి. చేయువాడును సరిచూచువాడును ఒక్కడే కారాదను నీతి ఇందు ఇమిడియున్నది. నూరుమంది నూరుదారుల పోక, పది జట్లుగా, ఒక గొలుసుతో, ఒకే విధముగా పనిచేయుట జట్టు యొక్క బలము.

కొలిచిన పిమ్మట తరములు నిర్ణయించుట. ఇది మరింత కష్టమైన పని. రేగడినేలయు గరపనేలయు ఒక్కటి కాదు. వంక ప్రక్కది, గుట్ట క్రిందిది ఒక్కటి కాదు. తరము కట్టువారు రెడ్డిని, కరణమును, రైతులను వెంటబెట్టుకొని పొలము పొలము తిరిగి, వారితో విచారించి, మంచిదేదో చెడ్డదేదో వ్రాసికొనిరి. ఆ వ్రాతను మరియొకరు సరిచూచిరి. తుదకు కలెక్టరు రైతులను పిలిపించి, వారి మొరలు విని, శిస్తు మొత్తమును సరిచేసెను. సంవత్సరములో అధికభాగము ఆయన కచ్చేరి గుడారములందే జరిగినది. ఊరువారు ఆయనయొద్దకు పోవుటకంటె ఆయనయే ఊరియొద్దకు వచ్చుట ఎక్కువ.

ఇందు మనిషి యెక్కడ నున్నాడు? ప్రతి పొలమునకు ఒక సంఖ్య, ప్రతి రైతునకు తన పేర తన పట్టా. అంతకుముందు శిస్తు ఊరిపై మొత్తముగా పడెడిది. దానిని లోలోపల పంచుకొనునపుడు గట్టివాడు తప్పించుకొనును, నోరులేనివాని నెత్తిన బరువు పడును. వితంతువు చేను, ఎద్దు చచ్చినవాని చేను ఆ లెక్కలో కనబడవు. రైతువారీ పద్ధతిలో ఒక్కొక్కని చేను విడిగా కాగితముమీదికి వచ్చెను. పని ఎంత పెద్దదైనను, జట్టు ఎంత గొప్పదైనను, లెక్క చివర ఒక్క మనిషి పేరు కనబడవలెను. దీనినే మన సీమ రైతులు జ్ఞాపకముంచుకొనిరని నా నమ్మకము.

అంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. కొలత ముగిసిన తరువాత, 1807వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన మన్రో ప్రభుత్వమునకు ఒక నివేదిక వ్రాసెను. తాను స్వయముగా కట్టిన శిస్తు ఎక్కువగా నున్నదని అందు ఒప్పుకొనెను. భూములన్నిటిపైన నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు, బావులక్రింద చెరువులక్రింద సాగగు భూములకు మరి 8 వంతులు, అనగా మొత్తము 33 వంతులు తగ్గింపవలెననియు, రైతు తనకు వలసిన భూమిని ఉంచుకొని వలదన్నదానిని విడిచిపెట్టుటకు స్వతంత్రుడై యుండవలెననియు కోరెను. మూడింట ఒక వంతు! శిస్తు పెంచి చూపినవానికే పదవులు వచ్చు కాలమున, వసూలు చేసి చూపినవాడే తగ్గింపుడని వ్రాసెను. పని నెరవేరినది గదా యని ఆయన ఊరకుండలేదు. ఆ పని మోయు మనిషి మెడమీద పుండున్నదని చూచెను.

ప్రభుత్వము అప్పుడు వినలేదు. మన్రో ఇంగ్లండునకు పోయెను. పై అధికారులకు ఒక్కొక్క రైతుతో వ్యవహరించుట విసుగుగా తోచెను. ఊరి కొక గుత్తదారుని నిలిపి, మొత్తము శిస్తు అతనిచేత కట్టించుకొనుట సులువని తలచిరి. ముందు మూడేండ్లకును, పిదప పదియేండ్లకును గ్రామములను గుత్తకిచ్చిరి. కాగితముమీద అది మిక్కిలి చక్కగా నుండెను. లెక్క తగ్గినది, గుమాస్తాలు తగ్గిరి. కాని వానలు గుత్తపత్రమును చూచి కురియవు. గుత్తదారులలో అనేకులు చెడిరి. చెడకముందు రైతులను చెరచిరి. 1820లో మన్రో గవర్నరై మరలివచ్చిన పిమ్మట గుత్తపద్ధతి పోయి రైతువారీ మరల వచ్చెను. ఆయన 1807లో కోరిన తగ్గింపును అమలులోనికి వచ్చెను. మధ్యనున్న పదునైదేండ్లలో ఎన్ని కుటుంబములు వలసపోయెనో, ఎన్ని బావులు పూడిపోయెనో ఊహించుకొనుడు. మనిషిని లెక్కనుండి తీసివేసినచో పనియు నిలువదని ఆ గుత్తలు చూపినవి.

ఇదే పాఠమును మన సీమ మరియొకమారు, అంతకంటె ఘోరముగా నేర్చుకొనినది. 1876లో వానలు లేక ధాత కరువు వచ్చెను. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయినవి. ప్రభుత్వము కరువుపనులు పెట్టెను. వేలకొలది జనులు రోడ్లకు కంకర కొట్టుచు, మట్టి మోయుచు నుండిరి. ఖర్చు పెరుగుచున్నదని కలకత్తా ప్రభుత్వము సర్ రిచర్డు టెంపుల్ అను అధికారిని పంపెను. ఆయన 1877 ఆరంభమున కూలిని తగ్గించి, పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమునకగు వెలయు, దానిపైన కొలదిపాటి పైకమును చాలునని నిర్ణయించెను. ఒక పౌను అనగా 39 తులములకు కొంచెము తక్కువ. పగలంతయు మట్టి మోయువానికి 39 తులముల గింజలు!

మద్రాసు ఆరోగ్యశాఖాధికారియైన డాక్టరు కార్నిష్ దానిని గట్టిగా ఎదిరించెను. పనిచేయు మనిషికి ఒకటిన్నర పౌనుకు తక్కువ కాకూడదని వాదించెను. టెంపుల్ చూచినది పద్దు, కార్నిష్ చూచినది ప్రక్కటెముకలు. కొన్ని నెలల పిమ్మట కూలి పెంచిరి. కాని ఆలోగా జరుగవలసినది జరిగిపోయినది. మన సీమలో ఆ కరువున లక్షలకొలది జనులు మడిసిరి. టెంపుల్ దుర్మార్గుడని నేననను. ఆయనకు అప్పగించిన పని పొదుపు, ఆ పనిని ఆయన చక్కగా చేసెను. కాని తన కెదురుగా ఒక బలహీనుడు గంపనెత్తలేక నిలిచియున్నాడని ఆ పద్దులో వ్రాయుటకు గడి లేదు. పనిని మాత్రమే చూచు పెద్దరికము చెడ్డవానిచేతిలోనే కాదు, సమర్థుని చేతిలో మరింత ప్రమాదకరము.

పరుల తప్పులు ఎన్నినవాడు తన తప్పును దాచుకొనుట న్యాయము కాదు. కావున నా సంగతి యొకటి చెప్పుకొందును. 2006వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన, మన సీమలోనే, అనంతపురము జిల్లా బండ్లపల్లెలో జాతీయ ఉపాధిహామీ పథకము ఆరంభింపబడినది. కడప జిల్లాయు మొదటి విడతలోనే చేరినది. కొన్నియేండ్ల పిమ్మట కూలివారిని శ్రమశక్తి సంఘములను పేర జట్లుగా చేసి, జట్టుకొక మేటిని నిలిపిరి. ఒక వేసవిలో మా ప్రక్కయూరి కుంట పూడికతీతకు ఇరువదిమంది జట్టునకు నేను పెద్దరికము వహించితిని. పనిని కొలిచి, ఎన్ని ఘనపు మీటర్లు తీసిరో లెక్కించి, వచ్చిన కూలిని జట్టువారందరకు పంచెడివారు. మన్రో కొలతగాండ్రకు ఎకరము, మాకు ఘనపు మీటరు. అంతే భేదము.

మా జట్టులో ఒక అవ్వ యుండెను. గడ్డపార ఎత్తలేదు, గంప నిండుగా మోయలేదు. నాలుగవదినమున పడుచువారిద్దరు నా యొద్దకు వచ్చిరి. “చిన్నాయనా, అవ్వ మోసే మట్టికి మా కూలి తెగిపోతావుంది. ఆయమ్మను వేరే జట్టులో ఏసుకోమని చెప్పు,” అనిరి. వారి మాట తప్పనుటకు నాకు ధైర్యము లేకపోయెను, ఏలననగా లెక్క వారి పక్షమున నుండెను. నేను అవ్వతో, “అవ్వా, ఈ ఎండకు నీకు కష్టము. కొన్నాళ్లు ఇంటికాడ ఉండుకో,” అని తియ్యగా చెప్పితిని. ఆమె నా ముఖమువైపు చూచి, “ఎండ నాకొక్కదానికే వస్తుందా నాయనా?” అని గంప బోర్లించి వెడలిపోయెను.

ఆ వారము కొలత పెరిగినది. నేను సరియైన పని చేసితిననుకొంటిని. రెండవవారమున ఒకనికి జ్వరము వచ్చెను. వాడు నాకు చెప్పక, జ్వరముతోనే పనికి వచ్చి, గట్టుమీద పడిపోయెను. ఏల చెప్పలేదని యడిగితిని. “చెప్తే నన్ను కూడా ఇంటికి పంపుతావేమోనని,” అనెను. అప్పుడు నాకు తెలిసివచ్చెను. నేను పంపినది ఒక్క అవ్వనే, కాని ఆ దినమునుండి జట్టులోని ప్రతివాడును తన వంతు ఎప్పుడోయని చూచుచుండెను. ఎవనికి నొప్పి కలిగినను దాచుకొనిరి. ఒకరి గంప ఒకరు అందుకొనుట మానిరి. మూడవవారమునకు కొలత మరల పడిపోయెను. నలుగురు రానేలేదు. వారిలో ఇద్దరు చంటిబిడ్డల తల్లులు.

నేను అవ్వ యింటికి పోతిని. ఆమె నన్ను తిట్టలేదు. మజ్జిగ ఇచ్చెను. తిట్టియున్న బాగుండెడిది. ఆ చట్టమందే ఒక నిబంధన యుండెను. ఆరేండ్లలోపు పిల్లలు అయిదుగురుగాని అంతకెక్కువగాని పనియొద్దకు వచ్చినచో, వారిని చూచుటకు ఒక స్త్రీని నియమించి ఆమెకును కూలి ఇయ్యవలెనని. నేను దానిని చదివియుండియు పట్టించుకొనలేదు. మా తావున అట్టి పిల్లలు ఆర్గురుండిరి. అవ్వ మరుసటిదినమునుండి వేపచెట్టు క్రింద ఆ పిల్లలను చూచుకొనెను. ఇద్దరు తల్లులు తిరిగివచ్చిరి. కుంట పని ముగిసెను. అయినను, అవ్వ పోగొట్టుకొన్న మూడువారముల కూలిని నేను ఇప్పింపలేకపోతిని. ఆ సంవత్సరము కుంట నిండినప్పుడు అందరును నన్ను మెచ్చుకొనిరి. నాకు మాత్రము బోర్లించిన గంపయే కనబడుచుండెను.

ఈ కథలన్నిటినుండి నేను నేర్చుకొన్నది మీకు క్లుప్తముగా మనవి చేసెదను.

సమతూకమనగా మూడింటికి సమానముగా పంచుట కాదు. వంక పొంగి కట్ట తెగుచున్నవేళ పనియే ముందు. అప్పుడు పెద్ద గట్టిగా ఆజ్ఞాపించినను ఎవరును తప్పుపట్టరు. కరువులోను, రోగములోను మనిషి ముందు. ఊరిలో రెండు కక్షలు లేచినపుడు జట్టు ముందు. కాలమునుబట్టి ఒక పళ్లెము క్రిందికి దిగును. కాని వెనుకబడిన రెంటికిని బాకీ పడితినని పెద్దకు జ్ఞాపకముండవలెను, కట్ట నిలిచిన మరునాడే ఆ బాకీ తీర్చవలెను. బాకీని మరచినవాడు రెండవమారు పిలిచినపుడు పారతో వచ్చువారుండరు.

రెండవది. లెక్కన కూలియున్నచోట బలహీనునికి తగిన పని వెదకుట పెద్ద వంతు. ప్రతి పనిలోను గడ్డపారకాక వేరు పనులు కలవు. నీళ్లు అందించుట, గుంతలకు గుర్తులు పెట్టుట, పిల్లలను చూచుట, లెక్క వ్రాయుట. తగిన పని చూపక ఒకని పనికిరాడనుట తొందరపాటు. అట్లని సోమరిని వెనుకవేసికొని రమ్మనుట కాదు. చేయలేనివానికిని చేయనివానికిని భేదము కలదు. ఆ భేదము జట్టువారందరకు తెలియును. పెద్దకు తెలియదనుకొన్ననాడు వారు పెద్దను లెక్కచేయరు.

మూడవది. పని యొక్క ఉద్దేశమును, కొలతను జట్టు నడుమ బహిరంగముగా చెప్పవలెను. గొలుసు పొడవు అందరకు తెలిసినపుడు సందేహము తక్కువ. చాటుగా వ్రాసిన లెక్క సరియైనదైనను పోట్లాట తెచ్చును. సరిచూచువాడు వేరుగా నుండవలెను. ఆ సరిచూపుకు పెద్దయును లోబడవలెను.

నాల్గవది, అన్నిటికంటె కష్టమైనది. పని ముగిసి, పదిమంది మెచ్చుకొనుచున్నపుడు, ఆ బరువు ఎవరి మెడమీద ఎక్కువ పడినదో విచారింపవలెను. తాను వేసిన లెక్క తప్పైనచో తానే చెప్పవలెను. మన్రో 1807లో చేసినది ఇదియే. ఆయన మాట ఆనాడు చెల్లలేదు, పదునైదేండ్లవరకు చెల్లలేదు. అయినను వ్రాసియుంచెను గనుక తరువాత చెల్లినది. పెద్దవాడు పలికిన న్యాయమైన మాట వెంటనే ఫలింపకున్నను వ్యర్థము కాదు.

పెద్దలారా, రేపు మీ ఊరిలో ఏ పనికో పదిమంది చేరుదురు. మీరు గట్టుమీద నిలుచుందురు. పని ఎంత మిగిలినదో చూడుడు, మంచిదే. జట్టు కలిసి నడుచుచున్నదో లేదో చూడుడు. పిమ్మట ఒక్కనిమిషము, అందరికంటె వెనుక, ఖాళీ గంపతో నిలిచియున్న మనిషివైపు చూడుడు. ఆ మనిషి పేరు పెట్టి పిలువుడు.

గండిలోని బంగారు తోరణము మనకు కనబడకపోవచ్చును. కాని మనము పోయిన తరువాత, మనచేత పనిచేయించుకొనబడినవారు మనలను గూర్చి ఏమి చెప్పుకొందురో, అది మాత్రము మన చేతిలోనే యున్నది.